శనివారం రాత్రి రాజీలు

సంపాదకులు గారికి,

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. దానికి ముందురోజు రాత్రి ఒడిశాలోని మా గజపతి, రాయగడ జిల్లాల తెలుగు క్రైస్తవ సంఘాల్లో తరచూ ఒక పని జరుగుతుంటుంది. గట్టు తగాదా పడ్డ అన్నదమ్ములనో, చీటీ డబ్బు దగ్గర చెడిన ఇరుగుపొరుగునో, మాటా మాటా అనుకున్న తోటికోడళ్లనో పెద్దలు పిలిపిస్తారు. ఒక పాట, ఒక వాక్యం, ఒక ప్రార్థన. “శత్రువులనే ప్రేమించమన్నాడు ప్రభువు, మీరు సొంత మనుషులు, చేతులు కలపండి” అంటారు. కలుపుతారు. టీ వస్తుంది. అరగంటలో ముగుస్తుంది. దమ్ము పట్టే రోజులొచ్చేసరికి అదే గట్టు మీద మళ్లీ పార పడుతుంది.

సంఘాల్లో తగవుల దగ్గర కూర్చునే కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. గాయపరిచినవాణ్ణి ప్రేమించమన్నది ఆజ్ఞ. ఇష్టముంటే చేసే పని కాదని మాకూ తెలుసు. అయితే ఆ ఆజ్ఞలో దెబ్బ తిన్నవాడు చేయాల్సింది కొంత ఉంది, కొట్టినవాడు చేయాల్సింది చాలా ఉంది. శనివారం రాత్రి రాజీలో రెండోదాన్ని పక్కన పెట్టేసి బరువంతా మొదటివాడి నెత్తిన పెడుతున్నాం.

మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలు ఈ రాజీల్లో తప్పకుండా చదువుతారు. అర్పణను బలిపీఠం దగ్గర విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమనే మాట. చదివేటప్పుడు పెద్దలు ఎవరి వైపు చూస్తున్నారో గమనించండి. నష్టపోయినవాడి వైపే. వచనంలో ఉన్నది మాత్రం నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని నీకు గుర్తొస్తే అని. అంటే ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాడు లేవాలి. చీటీ డబ్బు ఎగ్గొట్టినవాడు కానుక పళ్లెం వదిలి నడవాలి. నష్టపోయినవాడు నడవాల్సిన వచనం మత్తయి 18:15. అక్కడ కూడా అతను వెళ్లేది తప్పేమిటో ఒంటరిగా ముఖం మీద చెప్పడానికి. మార్కు 11:25 ఈ రెంటికీ వేరు. ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీదైనా ఏదైనా ఉంటే క్షమించమంటుంది. దానికి ఎదుటివాడు ఊళ్లో ఉండనక్కర్లేదు, బతికి ఉండనక్కర్లేదు. మూడు వేర్వేరు పనులు, వేర్వేరు సందర్భాల కోసం చెప్పినవి. మనం ముద్దగా కలిపి ఒక్కడి నోట్లో పెడుతున్నాం.

దీనికి తోడు ఒక బెదిరింపు. మనసులో ఏదో పెట్టుకుని రొట్టె తింటే శిక్ష అని మొదటి కొరింథీ 11వ అధ్యాయం చూపిస్తారు. ఆ అధ్యాయం 21, 22 వచనాలు కూడా చదివితే బాగుండేది. కలిగినవాళ్లు ముందే తిని తాగేసి, పేదవాళ్లను ఆకలితో నిలబెట్టి సిగ్గుపరుస్తున్నారని ఆ పత్రిక రాసిన పౌలు కోపం. దెబ్బ తిన్నవాళ్లను భయపెట్టడానికి రాసింది కాదది.

ఇక ప్రేమ సంగతి. “వాణ్ణి చూస్తే నాకు ప్రేమ పుట్టడం లేదు, నేను విశ్వాసినేనా?” అని కుమిలిపోయేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. లూకా 6:27, 28లో వరసగా నాలుగు మాటలున్నాయి. ప్రేమించండి, మేలు చేయండి, దీవించండి, ప్రార్థించండి. చివరి మూడూ చేతితో, నోటితో చేసేవి. మనసు వాటి వెనక నడిచి వస్తుంది, ఒక్కోసారి ఏళ్లు పట్టవచ్చు. అందుకని చివరి నుంచి మొదలుపెట్టడం తేలిక.

ప్రార్థన అంటే పెద్దదేమీ కాదు. ఇంట్లో, ఒంటరిగా, ఆ మనిషి పేరు నోటితో పలికి, మీకోసం మీరు రోజూ అడుక్కునే వాటిలో ఒక్కటి అతనికీ అడగడం. ఆరోగ్యమో, పిల్లల చదువో, జీడి పూత నిలవడమో. రెండు నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. “వాడికి బుద్ధి చెప్పు ప్రభువా” అనేది ప్రార్థన కాదు, పిటిషను. పిటిషను పెట్టుకోవాలనిపిస్తే దానికీ చోటుంది. 109వ కీర్తన తీసి, ఉన్న కోపమంతా దేవుడి ముందు పోసేయండి. పోయకుండా పైకి తీపిగా చేసే ప్రార్థన వారం నిలవదు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, ఇంట్లో చేయాల్సిన ప్రార్థనను శుక్రవారం ఉపవాస కూటంలో మైకు ముందు చేయడం. “ఫలానా సహోదరుడి మారుమనస్సు కోసం ప్రార్థన అంశం” అనగానే విషయం కూటం దాటి సంతదాకా పోతుంది. వాట్సాప్ స్టేటస్ ఇంకో రకం. “పగతీర్చుట నా పని” అని రోమా 12:19 పెట్టి, అవతలివాడు చూశాడా లేదా అని పది నిమిషాలకోసారి తీసి చూసుకుంటే పగ తీర్చే పని దేవుడికి అప్పగించినట్టు కాదు.

దీవించడం అంటే మూడో మనిషి అడిగినప్పుడు మీ నోట్లోంచి ఏమొస్తుందన్నది. నిజం దాచమని కాదు. జరిగినంత చెప్పి, జరగనిది కలపకుండా, వాడి తండ్రినీ తాతనూ లాగకుండా ఆపగలగడం. అది చాలా కష్టమని చెప్పడానికి మేం సిగ్గుపడం.

మేలు చేయడానికి నిర్గమకాండం 23:4, 5 కొలత ఇస్తుంది. శత్రువు ఎద్దో గాడిదో తప్పిపోయి కనిపిస్తే తోలుకెళ్లి అప్పగించు, వాడి గాడిద బరువు కింద పడిపోతే లేపడానికి సాయం పట్టు. వెతుక్కుంటూ వెళ్లి చేయమనలేదు, దారిలో తగిలిన పనిని తప్పించుకోవద్దంది. మన దగ్గర అది నీటి వంతు కావచ్చు. మీ వంతు అయ్యాక అవతలివాడి మడికి నీళ్లు మళ్లించడం, వాడి పశువు చేలో పడితే బందెలదొడ్డికి తోలకుండా ఇంటికి తోలడం, ఇంట్లో చావు జరిగితే వెళ్లి కూర్చోవడం. రోమా 12:20 ఆకలిగొన్న శత్రువుకు భోజనం పెట్టమంది, దప్పిగొంటే దాహమివ్వమంది. అప్పు ఇవ్వమని అందులో లేదు. ఇప్పటికే డబ్బు ఎగ్గొట్టినవాడికి ప్రేమ పేరుతో మళ్లీ చేబదులు ఇప్పించే పెద్దలున్నారు, అందుకని విడిగా రాస్తున్నాం. అలా చేస్తే శత్రువు తలమీద నిప్పులు పోసినట్టని అదే వచనంలో ఉన్న మాట చూసి, అన్నం పెట్టి ఎదుటివాడు మాడిపోవాలని ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. తర్వాతి వచనం మేలుతో కీడును జయించమంటుంది. అక్కడిదాకా చదవాలి.

ఇదంతా దెబ్బ తిన్నవాడు ఎవరి అనుమతీ లేకుండా, ఎవరూ చూడకుండా మొదలుపెట్టగలిగేది. ఇంతవరకు చేసినవాణ్ణి “ఇంకా క్షమించలేదు” అనడానికి ఎవరికీ హక్కు లేదు.

రాజీలో ఎక్కువగా వినపడే మాట “చిన్న విషయం, వదిలెయ్.” దీనికి మత్తయి 18లోని ఉపమానం చెబుతారు. పదివేల తలాంతులు మాఫీ అయినవాడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు, నువ్వూ అలాగే చేస్తావా అని. లెక్క వేసి చూద్దాం. దేనారం ఒక రోజు కూలి. తలాంతు ఆరు వేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి, ఏ మనిషీ తీర్చలేనిది. నిజమే. కానీ నూరు దేనారాలు అంటే నూరు రోజుల కూలి. ఉపాధి పనిలో ఇన్నేళ్లూ విన్న నూరు రోజుల లెక్కే. కూలి ఇంటికి అది చిన్న విషయమా? ప్రభువు నష్టాన్ని పైసల్లోకి దించి చెప్పలేదు. నిజంగా బరువైన అప్పునే తీసుకుని, దానికన్నా పెద్ద మాఫీ పక్కన పెట్టాడు. ముందు నష్టం ఎంతో ఒప్పుకోకుండా మాఫీ గురించి మాట్లాడకూడదు. ఎంతో తెలియని అప్పును ఎవరు మాఫీ చేయగలరు? (డెబ్బై ఏడుల సార్లు, అంటే డెబ్బైని ఏడుతో హెచ్చించినన్ని సార్లు క్షమించమన్నదీ ఈ అధ్యాయంలోనే. మన పాత తర్జుమాలో “డెబ్బది ఏళ్ల మారుల” అని ఉంటుంది. దాన్ని డెబ్బై సంవత్సరాలనుకునే పిల్లలకు ఆదివారపు బడిలో ఎవరైనా సరిచేస్తే మేలు.)

ఇప్పుడు కొట్టినవాడి వంతు. మన తెలుగులో తప్పు ఒప్పుకోకుండానే ఒప్పుకున్నట్టు వినిపించే వాక్యం ఒకటుంది. “నా వల్ల ఏదైనా తప్పు జరిగి ఉంటే క్షమించండి.” పుల్‌పిట్ మీద, పెళ్లిళ్లలో, రాజీల్లో ఎక్కడ చూసినా అదే. ‘జరిగి’ అన్నప్పుడు చేసినవాడు మాయమయ్యాడు. ‘ఉంటే’ అన్నప్పుడు తప్పు కూడా అనుమానంలో పడింది. మా వైపు పల్లెల్లో “తప్పైపోనాది, ఇడిసెయ్యి” అంటారు. అందులో వినయం ఉంది కానీ ఏ తప్పో లేదు. పెద్దలు ఇక్కడ ఆగి, వాక్యం మార్పించాలి. ‘నేను’తో మొదలవ్వాలి. ఏం చేశాడో పేరు పెట్టి చెప్పాలి. “నేను మీ హద్దు రాయి రాత్రిపూట పీకి మూడడుగులు జరిపాను” అన్నట్టు. దానివల్ల ఎదుటివాడికి ఏం పోయిందో చెప్పాలి. ‘కానీ’ రాకూడదు. వచ్చిందంటే దాని వెనక ఎదుటివాడి తప్పు వస్తుంది, దానికి ఇంకో రోజు కూర్చోవచ్చు. చివర్లో క్షమించమని అడగవచ్చు, జవాబు అప్పుడే ఇమ్మని అడగకూడదు. ఈ మాటలు అతని ఇంటి భాషలో రావాలి. సవర మనిషి చేత తెలుగులో, తెలుగు మనిషి చేత ఒడియాలో చెప్పిస్తే అప్పజెప్పిన పాఠంలా ఉంటుంది.

మాట తర్వాత చెల్లింపు. లేవీయకాండం 6:5 ప్రకారం అన్యాయంగా తీసుకున్నది మొత్తం ఇచ్చి, దానికి అయిదో వంతు కలపాలి. పదివేలు తీసుకుంటే పన్నెండు వేలు. పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. మన రాజీల్లో మాత్రం “నువ్వు సగం వదులుకో, వాడు సగం ఇస్తాడు” అని దెబ్బ తిన్నవాడితో బేరం. తగ్గించుకోవడం అతని ఇష్టమైతే తగ్గించుకుంటాడు, పెద్దలు అడగకూడదు. చెల్లించలేని పేదవాడైతే ఫిలేమోను పత్రిక చూడండి. ఫిలేమోను దాసుడైన ఒనేసిము చేసిన నష్టమేదైనా ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానని పౌలు సొంత చేత్తో రాసిచ్చాడు. మధ్యవర్తి జేబు కూడా తెరుచుకోవచ్చన్నమాట. శనివారం రాత్రి ఈ పత్రిక ఎవరూ తీయరెందుకో!

కాగితం దగ్గర మా ప్రాంతానికే ఉన్న ఇబ్బంది చెప్పాలి. పట్టాలు ఒడియాలో ఉంటాయి. రాజీ కాగితమూ ఆఫీసులో పనికొస్తుందని ఒడియాలోనే రాయిస్తారు. సంతకం పెట్టేవాడు ఒడియా మాట్లాడతాడు కానీ చదవలేడు. తర్వాత “నాకు చదివి చెప్పింది వేరు, రాసింది వేరు” అని కొత్త తగాదా. రెండు భాషల్లో రాసి, రెండు పక్షాలకూ చెందని మనిషి చేత తెలుగులో బిగ్గరగా చదివించి, అప్పుడు సంతకాలు తీసుకోవాలి. మొత్తం, వాయిదా తేదీలు, ఎవరి చేతికి ఇవ్వాలన్నది అంకెలతో ఉండాలి. భూమి తగవైతే చేతి కాగితంతో భూమి చేతులు మారదు, దానికి రిజిస్ట్రేషను కావాలి. హద్దు తగవైతే తహసీల్ ఆఫీసు నుంచి అమీను వచ్చి కొలిచాకే కూర్చోవడం మంచిది. కొలత లేని సమాధానం మొదటి వానదాకానే. ప్రామిసరీ నోటు ఉంటే తేదీ చూసుకోవాలి. మూడేళ్లు దాటితే దావాకు వీలుండదు. “ప్రేమతో ఓపిక పట్టు” అని మూడేళ్లూ గడిపించేసే బాకీదారులు ఉన్నారు. ఓపిక పట్టండి, కానీ గడువు లోపల కొంత సొమ్ము జమ రాయించి, అతని చేత తేదీ వేయించి సంతకం తీసుకోండి. అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు. కేసు అప్పటికే కోర్టులో ఉంటే లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

మత్తయి 18లో రెండో మెట్టు ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లడం. ఆ ఒకరిద్దరూ ఎవరికీ మేనమామో వియ్యంకుడో కాకూడదు, ఎవరికీ బాకీ ఉండకూడదు. నష్టపోయింది స్త్రీ అయితే స్త్రీల సమాజం నుంచి ఒకరు తప్పక ఉండాలి. మూడో మెట్టు సంఘానికి చెప్పడం. అదీ వినకపోతే అన్యుడిలా, సుంకరిలా (పన్ను వసూలుదారుడిలా) ఎంచమంది. దీన్ని మనవాళ్లు వెలి అనుకుంటారు. సుంకరుల ఇళ్లలో ప్రభువు భోజనం చేశాడు. పెద్దరికం, లెక్కలు, తాళాలు వాడి చేతిలోంచి తీసేయండి. అన్నం, పలకరింపు తీసేయవద్దు.

నమ్మకం దానంతటది తిరిగి రాదు. యోసేపును అన్నలు ఇరవై వెండి నాణేలకు అమ్మారు. వాళ్లు కరువులో వచ్చినప్పుడు మొదటి రాకలోనే ధాన్యం పోయించాడు, దారిబత్తెం ఇప్పించాడు, సొమ్ము తిరిగి గోనెల్లో పెట్టించాడు. తాను ఎవరో మాత్రం చెప్పలేదు. షిమ్యోనును ఆపాడు, బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. తమ్ముడి బదులు నేను దాసుడిగా ఉంటానని యూదా అన్నాకనే ఏడ్చి బయటపడ్డాడు. మేలు మొదటి రాకలోనే, నమ్మకం పరీక్ష తర్వాత. దావీదైతే తనను చంపాలని తరుముతున్న సౌలు రాజును రెండుసార్లు చంపకుండా వదిలాడు. “తిరిగి రా నాయనా” అని సౌలు పిలిచినా వెంట వెళ్లలేదు, తన దారిన తాను పోయాడు. దూరంగా ఉన్నవాణ్ణి పగబట్టినవాడని ముద్ర వేయకూడదు.

అసలు ఎదురెదురుగా కూర్చోబెట్టకూడని తగవులున్నాయి. భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీని “నీవును అతడును ఒంటరిగా” అనే వచనం చూపి అదే ఇంటికి పంపడం పాపమని మా అభిప్రాయం. ముందు ఆమె క్షేమంగా ఉండే చోటు, మహిళల సహాయానికి 181 నంబరు, ప్రాణభయముంటే 112. 2005 గృహహింస చట్టం కింద అతను దగ్గరకు రాకుండా కోర్టు ఆర్డరు ఇవ్వగలదు. ఆమె అతని కోసం ఆ దూరం నుంచే ప్రార్థించవచ్చు. పిల్లల మీద లైంగిక దాడి జరిగితే సంఘంలో రాజీకి కూర్చోవడమే నేరం వైపు అడుగు. తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవారు తమ కింది మనిషి నేరం దాస్తే ఏడాది దాకా. మా జిల్లాల్లో హాస్టళ్లు నడిపే పాస్టర్లు దీన్ని గోడకు అంటించుకోవాలి. పిల్లల సహాయానికి 1098.

కేసు పెట్టినవాణ్ణి “గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించలేదా?” అని అడగడం మన రాష్ట్రంలో అలవాటైంది. 1999 జనవరిలో కెందుఝర్ జిల్లా మనోహరపూర్‌లో ఆమె భర్త, ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు చిన్న కొడుకులనూ బండిలో నిద్రపోతుండగా నిప్పుపెట్టి సజీవంగా తగలబెట్టారు. ఆమె క్షమించానన్నారు. బారిపదలో కుష్ఠు రోగుల సేవ ఏళ్లపాటు కొనసాగించారు. 2005లో పద్మశ్రీ వచ్చింది. ఆ క్షమాపణతో విచారణ ఆగలేదు. ముఖ్య దోషి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పగ ఆమె వదిలేశారు, నేరం సంగతి కోర్టు చూసుకుంది. పౌలు కూడా ఫిలిప్పీ పట్టణంలో, విచారణ లేకుండా కొట్టించి రహస్యంగా పొమ్మంటారా, జైల్లో వేయించిన అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. చెంపదెబ్బ తిన్నప్పుడు ప్రభువు కూడా, నేను కాని మాట అంటే ఏమిటో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. ఇంకో మాట. మా పక్కనే ఉన్న కంధమాల్‌లో 2007, 2008లలో క్రైస్తవుల మీద జరిగిన హింసలో ఇళ్లూ మనుషులూ పోగొట్టుకున్నవారి తరఫున దూరాన ఉన్న పుల్‌పిట్‌ల మీద “మేం క్షమించేశాం” అనడం తేలిక. ఆ మాట వాళ్లు అనాల్సింది.

మేం అడిగేది ఇంతే. ఈ కూర్చోవడాలను శనివారం రాత్రి నుంచి తీసి వారం మధ్యలో పెట్టండి, ఒక్క రోజులో తేల్చేయవద్దు. కాగితం రాసిన వారానికి, నెలకు, మూడు నెలలకు వెళ్లి వాయిదా అందిందో, గట్టు ఎక్కడుందో చూసి రండి. మార్కు 11:25 ప్రకారం ఇంట్లో ప్రార్థించుకుని వచ్చినవాడు అవతలివాడితో ఇంకా చేయి కలపకపోయినా ఆదివారం రొట్టె అందించండి. తీసుకున్నది ఇంకా తిరిగి ఇవ్వనివాడికి మత్తయి 5:23 చదివి వినిపించి, వెళ్లి రమ్మని చెప్పండి.

ఇట్లు,
కొందరు సంఘ పెద్దలు, స్త్రీల సమాజ సభ్యులు,
పర్లాకిమిడి – కాశీనగర్ – గుణుపూర్ ప్రాంతం, ఒడిశా